కూలి లెక్క తేలుతుంది, వాయిదాల లెక్కా తేలుతుంది: కార్మిక శాఖకు, వేతన క్లెయిములు వినే అధికారులకు బహిరంగ లేఖ

కార్మిక శాఖ అధికారులకు, రాష్ట్ర కనీస వేతనాల సలహా మండలి సభ్యులకు, నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో వేతన క్లెయిములు వినే అథారిటీలకు, ఈ కేసుల్లో ఇరుపక్షాలా వాదించే న్యాయవాదులకు

నమస్కారం.

కూలి రేట్ల మీద, క్లెయిముల (రావాల్సిన కూలి ఇప్పించమని వేసే కేసుల) ఆలస్యం మీద మేం ఇచ్చిన అర్జీలకు ఇప్పటిదాకా రెండే రకాల జవాబులు వచ్చాయి. "జీవన వేతనం ఇంత అని ఎవరు చెప్పగలరండీ, ఒక్కో ఇంటి ఖర్చు ఒక్కోలా ఉంటుంది" అన్నది ఒకటి. "కేసులో న్యాయం జరిగిందో లేదో కాటా వేసి చూస్తామా" అన్నది రెండోది. సోమవారం గ్రీవెన్సులో ఇచ్చిన కాగితం 'సంబంధిత విభాగానికి పంపడమైనది' అనే ఒక్క ముక్కతో మూతపడింది. అందుకని ఈ మాట పదిమంది ముందూ పెడుతున్నాం.

మేం చెప్పేది ఇది. మనిషి బతకడానికి ఎంత కూలి కావాలో లెక్క కట్టవచ్చు. ఆ లెక్క కట్టే పద్ధతి ప్రభుత్వం దగ్గరే ఎప్పటినుంచో ఉంది. విచారణ జరిపే అధికారి మనసులో ఏముందో కొలవలేం, ఒప్పుకుంటాం. కానీ కార్మికుడికి ఆ విచారణ వల్ల ఎంత పోయింది, ఎన్నాళ్లు పట్టింది, చివరికి చేతికి ఎంత వచ్చింది అన్నవి మాత్రం అంకెలే. ఆ అంకెలు మీ ఫైళ్లలోనే ఉన్నాయి, కూడినవాళ్లు లేరు.

1. కొలబద్ద 1957 నాటిది.

ఆ ఏడాది ఢిల్లీలో జరిగిన 15వ భారత కార్మిక సదస్సులో ప్రభుత్వం, యజమానులు, యూనియన్లు కలిసి కూర్చుని సూత్రాలు ఒప్పుకున్నారు. ఒక సంపాదనాపరుడి ఇంటికి, అతన్నీ కలిపి, మూడు వినియోగ యూనిట్లు (పెద్ద మగమనిషి అవసరాన్ని ఒకటిగా తీసుకున్న కొలత). వాళ్లకు పోషకాహార నిపుణుడు డాక్టర్ ఐక్రాయిడ్ చెప్పిన ప్రకారం పెద్ద మనిషికి రోజుకు 2,700 క్యాలరీల తిండి. నలుగురి ఇంటికి ఏడాదికి 72 గజాల బట్ట. ప్రభుత్వ గృహ పథకం ప్రకారం కనీస అద్దె. వంటచెరకు, దీపం, చిల్లర ఖర్చులకు మొత్తం వేతనంలో 20 శాతం. 1991లో సుప్రీంకోర్టు రెప్టకాస్ బ్రెట్ కేసులో ఇంకో అంశం కలిపింది: పిల్లల చదువు, వైద్యం, పండుగలు, ముసలితనం, పెళ్లిళ్ల కోసం మరో 25 శాతం. పాత వేతన చట్టాల స్థానంలో వచ్చిన వేతనాల కోడ్ కింద కేంద్రం తయారుచేసిన ముసాయిదా నియమాల్లోనూ ఇవే కొలతలు: మూడు యూనిట్లు, 2,700 క్యాలరీలు, 66 మీటర్ల బట్ట, తిండి బట్టల ఖర్చు మీద 10 శాతం అద్దె, ఆపైన 20, 25 శాతాలు.

చట్టం తెలిసినవాళ్లు ఇక్కడ ఒక అభ్యంతరం చెబుతారు. ఇది అవసరాల ఆధారిత కనీస వేతనమే, రాజ్యాంగం 43వ అధికరణం చెప్పే జీవన వేతనం దీనికంటే పైమెట్టు, అని. నిజమే. కింది మెట్టు దగ్గరే కాలు జారుతుంటే పైమెట్టు ఎత్తు గురించి తగువు తర్వాత పడదాం.

2. లెక్క ఇదిగో.

కింద రాసిన పరిమాణాలు మా సొంతం కావు. కేంద్ర ఉద్యోగి కనీస జీతం నెలకు 18,000 అని తేల్చడానికి ఏడో వేతన సంఘం వాడినవే. సచివాలయంలో కూర్చునే మనిషికీ చీమకుర్తి గ్రానైటు క్వారీలో డ్రిల్లింగ్ మిషన్ పట్టే మనిషికీ కడుపు ఒకటే కాబట్టి అవే తీసుకున్నాం. ధరలు మాత్రం ఉదాహరణకు మేం వేసుకున్నవి. మీ మనిషిని కూరగాయల మార్కెట్‌కు పంపి మార్చుకోండి, లెక్క మారదు.

మూడు యూనిట్లకు నెలకు:
బియ్యం 42.75 కిలోలు, కిలో 50 చొప్పున 2,137.50
పప్పులు 7.2 కిలోలు, 130 చొప్పున 936
ఆకుకూరలు, దుంపలు, కాయగూరలు కలిపి 27 కిలోలు, 40 చొప్పున 1,080
పండ్లు 10.8 కిలోలు, 60 చొప్పున 648
పాలు 18 లీటర్లు, 60 చొప్పున 1,080
చక్కెర, బెల్లం 5.04 కిలోలు, 45 చొప్పున 226.80
నూనె 3.6 కిలోలు, 150 చొప్పున 540
చేపలు 2.5 కిలోలు, 200 చొప్పున 500
మాంసం 5 కిలోలు, కోడికూర ధర 250 చొప్పున 1,250
గుడ్లు 90, ఆరున్నర చొప్పున 585

తిండి మొత్తం 8,983 రూపాయలు. బట్ట నెలకు ఐదున్నర మీటర్లు, మీటరు 150 వేస్తే 825. రెండూ కలిపి 9,808. దాని మీద 10 శాతం అద్దె 981. అంతా కలిపితే 10,789. ఇది మొత్తం వేతనంలో 55 శాతం. మిగిలిన 45 శాతం పైన చెప్పిన 20, 25. కాబట్టి 10,789ని 0.55తో భాగించాలి: నెలకు 19,616. నెలకు 26 పనిదినాల లెక్కన భాగిస్తే రోజుకు 754.

ఇది గొంతెమ్మ కోరిక అనుకునేవాళ్లు ఒకటి చూడండి. 2024 అక్టోబరు 1 నుంచి కేంద్రం తన పరిధిలో, పెద్ద నగరాల్లో, నైపుణ్యం అక్కర్లేని భవన నిర్మాణం, ఊడ్చే పని, సరుకు ఎక్కించి దించే పనులకు నిర్ణయించిన కూలి రోజుకు 783, నెలకు 20,358. అదే కేంద్రం 2017 నుంచి దేశమంతటికీ చూపిన కనీస కూలి హద్దు మాత్రం రోజుకు 176. అనూప్ సత్పతి నాయకత్వంలోని నిపుణుల కమిటీ 2018 ధరల మీదే 375 ఉండాలని 2019లో చెప్పింది.

3. లెక్క ఎక్కడ చెడుతుంది.

ఎక్కువమంది చేసే తప్పు శాతాల దగ్గర. 20, 25 శాతాలు మొత్తం వేతనం మీద వేయాల్సినవి. వాటిని 10,789 మీద వేసి కూడేస్తే 15,644 వస్తుంది. నెలకు 3,972 తేడా, అంటే దాదాపు నెల రోజుల బియ్యం, పప్పు, పాలు కలిపినంత. 'నిబంధనల ప్రకారం లెక్కించాము' అని రాసిన కాగితాల్లోనూ ఈ తప్పు ఉంటుంది. కనుక లెక్క మొత్తం వరుసవారీగా చూపకుండా చివరి అంకె ఒక్కటే ఇస్తే మేం ఒప్పుకోం.

అద్దె రెండోది. 981 రూపాయలకు ఒంగోలులో గాని నెల్లూరులో గాని నలుగురు పడుకునే గది చూపించిన అధికారికి మేం రుణపడి ఉంటాం. గది 4,000 అనుకుని అదే సూత్రంలో పెడితే నెల వేతనం 25,106 అవుతుంది. అద్దెను శాతంలో పెట్టడం సూత్రంలోని లోపం. లోపం ఉందని సూత్రాన్నే పక్కన పడేయకండి, ఆ ఒక్క వరుసలో అసలు అద్దె రాయండి.

మూడు యూనిట్ల లెక్కలో మగమనిషి ఒకటి, ఆడమనిషి 0.8, ఇద్దరు పిల్లలు చెరి 0.6. తల్లిదండ్రులకు అందులో చోటు లేదు. సత్పతి కమిటీ ఈ సంఖ్యను 3.6 చేసింది. మన జిల్లాల్లో ముసలివాళ్లు కొడుకుల దగ్గరే ఉంటారు కాబట్టి అదే సరైనది. తిండి ఖర్చు ఒక్కటే 8,983 నుంచి 10,780కి పెరుగుతుంది.

రేషన్ బియ్యం వస్తున్నాయి కదా, ఆ మేరకు తగ్గించండి అని యజమానుల తరపున వాదన వస్తుంది. ప్రభుత్వం పౌరుడికి ఇచ్చే బియ్యం క్వారీ యజమానికి ఇచ్చే రాయితీ కాదు. ఇంతకుమించి దీనికి జవాబు అక్కర్లేదు.

కరువు భత్యం (డీఏ) సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. పారిశ్రామిక కార్మికుల వినియోగ ధరల సూచీ కోసం దేశంలో 88 కేంద్రాల్లో ధరలు రాస్తారు. అందులో నెల్లూరు ఒకటి. అంటే ధరలు తెలియవు అనడానికి లేదు. ఆ సూచీని బట్టి ఆరు నెలలకోసారి డీఏ కలుస్తుంది. కానీ సూచీ చేసేది పాత అంకెను ధరలతో పాటు పైకి లాగడమే. మొదటి రేటు సగం కడుపుకు కట్టి ఉంటే, ఎన్ని డీఏలు కలిపినా అది ఈనాటి ధరల్లో సగం కడుపే. అందుకే రేట్లను ఐదేళ్లు దాటకుండా సమీక్షించాలని 1948 కనీస వేతనాల చట్టంలోనూ ఉండేది, కోడ్‌లోనూ ఉంది. డీఏ జీవో చూపించి "రేట్లు సవరించాం" అనడం సరికాదు.

ఇక 26, 30 గొడవ. నెలకు 13,000 ఇచ్చే చోట రోజు కూలి 26తో భాగిస్తే 500, ముప్పైతో భాగిస్తే 433. సెలవు పెట్టిన రోజుకు కోత వేసేటప్పుడు 26, ఓటీ (అదనపు గంటల కూలి) కట్టేటప్పుడు 30 వాడే గుమాస్తాలు ఉన్నారు. ఓటీ గంటకు రెట్టింపు లెక్కన మొదటి పద్ధతిలో 125, రెండో పద్ధతిలో 108. పే స్లిప్పు మీద భాగహారం ఏ అంకెతో చేశారో అచ్చు వేయించండి, ఈ తగువు అక్కడికక్కడే తీరుతుంది. ఇంకోమాట: మామూలు పని గంటల్లో వచ్చేదే జీవన వేతనం అని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2024లో ఒప్పుకున్న నిర్వచనంలో ఉంది. పన్నెండు గంటలు చేస్తే వచ్చే డబ్బును చూపించి జీవన వేతనం ఇస్తున్నాం అంటే కుదరదు.

4. పీస్ రేటు: రొయ్యల షెడ్డు.

నెల్లూరు తీరంలో రొయ్యల తల తీసే, పొట్టు ఒలిచే పని చాలాచోట్ల కిలోల లెక్కన. ఇక్కడ కనీస వేతనం ఉందో లేదో కంటికి కనబడదు, ఎందుకంటే కిలో అన్నది పనికి కొలత కాదు. 30 కౌంట్ అంటే కిలోకు 30 రొయ్యలు, 100 కౌంట్ అంటే కిలోకు 100. బరువు ఒకటే, చేతికి పని మూడింతలు పైమాట.

ఒక మనిషి నిమిషానికి 8 రొయ్యలు ఒలుస్తుందని అనుకుందాం. గంటకు 480, ఎనిమిది గంటలకు 3,840. అది 30 కౌంట్ అయితే 128 కిలోలు, 100 కౌంట్ అయితే 38 కిలోల చిల్లర. రోజుకు 500 రావాలంటే మొదటిదానికి కిలోకు సుమారు 3.90, రెండోదానికి 13 రూపాయలు పడాలి. రెంటికీ ఒకే రేటు పెట్టిన షెడ్డులో చిన్న రొయ్య వచ్చిన రోజున కూలి పడిపోతుంది. ఐసు నీళ్లలో వేళ్లు కొంకర్లుపోయి వేగం తగ్గే సాయంత్రం పూట ఇంకా పడిపోతుంది. ఒలిచిన సరుకును నీళ్లు ఓడ్చి తూస్తారా, ఓడ్చక ముందా, ట్రే బరువు ఎంత తీసేస్తారు అన్నవీ కూలిని మార్చేవే.

సరుకు లారీ రాక షెడ్డులో ఖాళీగా కూర్చున్న గంటల మాటేమిటి? కోడ్ 10వ సెక్షన్ ప్రకారం రోజు కూలి నిర్ణయమైన పనిలో, పని చూపలేకపోవడం యజమాని వల్లయితే పూర్తి రోజు కూలి ఇవ్వాలి. కిలోల లెక్క చెప్పి ఈ సెక్షన్‌ను దాటేస్తున్నారు. కాబట్టి మీరు కొలవాల్సింది కిలో రేటును కాదు, ఆ రేటు మీద మామూలు పనితనం ఉన్న మనిషి ఎనిమిది గంటలకు ఎంత సంపాదిస్తుందో దాన్ని. గడియారం, కాటా, కౌంట్ చీటీ ఉంటే చాలు; రెండు కౌంట్ల సరుకు మీద, పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట కొలిస్తే తెలిసిపోతుంది. మార్కాపురం పలకలకు, గ్రానైటు అంచు పాలిష్‌కు అడుగు లెక్కన ఇచ్చే కూలికీ ఇదే పద్ధతి.

5. రోడ్డుకు ఇవతల రాష్ట్రం, అవతల కేంద్రం.

చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు క్వారీ చట్టం లెక్కలో గని. గనులకు వేతనాలు నిర్ణయించేది కేంద్రం, తనిఖీ చేసేదీ కేంద్ర కార్మిక యంత్రాంగమే. అదే రాయి లారీ ఎక్కి పాలిషింగ్ ఫ్యాక్టరీకి చేరగానే రాష్ట్ర రేటు, రాష్ట్ర అధికారి. ఒకే మేస్త్రీ కింద పొద్దున క్వారీలో, మధ్యాహ్నం ఫ్యాక్టరీలో పనిచేసే మనిషి ఎవరి దగ్గరికి వెళ్లాలి? రాష్ట్ర ఆఫీసులో ఇచ్చిన క్లెయిము "మా పరిధి కాదు" అని నెలల తర్వాత తిరిగివస్తుంది. పరిధి కాకపోతే ఆ ముక్క మొదటిరోజే చెప్పి, ఫైలును మీరే అవతలి ఆఫీసుకు పంపాలి. పాత చట్టంలో క్లెయిముకు గడువు ఆరు నెలలే కనుక ఇలా తిరిగివచ్చేలోపే గడువు దాటిపోయేది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కోడ్‌లో మూడేళ్లు ఉంది. ఊపిరి తీసుకునే వీలు కలిగింది గాని తిప్పలు తప్పలేదు.

6. వాయిదా ఖరీదు.

ఒక మామూలు క్లెయిము చూడండి. రావాల్సిన కూలి 450, ఇచ్చింది 350. నెలకు 26 రోజులు, ఆరు నెలలు: తక్కువ పడింది 15,600. రోజూ రెండు గంటలు ఎక్కువ చేయించుకుని ఓటీ ఇవ్వలేదనుకోండి, గంటకు 112.50 లెక్కన అది 35,100. మొత్తం 50,700. ఓటీ భాగం కూలి తేడాకంటే రెండింతలకు మించి ఉంది, అయినా హాజరు రుజువు లేదన్న భయంతో చాలా అర్జీల్లో ఓటీ అసలు రాయరు. సగానికి పైగా డబ్బు ఫైలింగు రోజునే పోతోంది.

ఇప్పుడు ఖర్చు. ఉదయగిరి నుంచి నెల్లూరుకో, కనిగిరి నుంచి ఒంగోలుకో వచ్చే మనిషికి వాయిదా అంటే రోజంతా పోయినట్టే. కూలి 450, బస్సు, టీ టిఫిను, జిరాక్సులకు 250, మొత్తం 700. పన్నెండు వాయిదాలకు 8,400. కూలి తేడా మాత్రమే అడిగిన మనిషికి రావాల్సిన 15,600లో సగానికిపైగా తీర్పు రాకముందే ఖర్చయిపోయింది. ఎదుటివైపు ఒక గుమాస్తా జీతం మీద వచ్చి "సమయం కావాలి" అని ఒక్క మెమో పెట్టి వెళతాడు. ఇరుపక్షాలకూ సమానంగా సమయం ఇచ్చామని రికార్డు చెబుతుంది. ఆ సమయం ఒకరికి ఉచితం, ఇంకొకరికి 700.

కోడ్ 45వ సెక్షన్ మూడు నెలల్లో తేల్చే ప్రయత్నం చేయాలంటుంది. ఎగ్గొట్టిన మొత్తానికి పదింతల వరకు పరిహారం వేసే అధికారం ఇస్తుంది. యజమాని కట్టకపోతే కలెక్టరుకు సర్టిఫికెట్ పంపి భూమి శిస్తు బకాయిలా వసూలు చేయించమంటుంది. ఈ మూడూ కొలవడానికి వీలున్నవే: ఎన్ని రోజులు, ఎన్నింతలు, ఎంత వసూలైంది.

ఒక హెచ్చరిక. రోజుల లెక్కకు సగటు వాడకండి. ఐదు కేసులు 30, 40, 60, 70, 1,300 రోజులు పడితే సగటు 300. అది ఆ ఐదుగురిలో ఎవరి అనుభవమూ కాదు. మధ్యలో ఉన్న 60 చెప్పండి, పక్కనే అన్నిటికంటే ఎక్కువ పట్టిన 1,300 కూడా చెప్పండి.

7. పరిష్కారమైన కేసుల సంఖ్య మీద మాకు నమ్మకం లేదు.

ఎందుకంటే కార్మికుడు రాలేదని కొట్టేసిన కేసు కూడా పరిష్కారం కిందికే వస్తుంది. వలస వచ్చిన ఒడిశా మనిషి పని అయిపోయి ఊరికి వెళ్లిపోతే రెండు వాయిదాల్లో కేసు మూసుకుపోతుంది, నెలవారీ నివేదికలో ఒక టిక్కు పెరుగుతుంది. లోక్ అదాలత్ రాజీలు అలాంటివే. పై క్లెయిములో 50,700 రావాల్సిన చోట 10,000కి సంతకం పెట్టించినా అది విజయమే. అంటే రూపాయికి ఇరవై పైసలు. దాని మీద అప్పీలు లేదు కూడా. రాజీలు వద్దని మేం అనడం లేదు, త్వరగా చేతికొచ్చే డబ్బుకు విలువ ఉంది. రాజీ పత్రం పైభాగంలో రావాల్సిన మొత్తం, కుదిరిన మొత్తం పక్కపక్కన రాయమంటున్నాం, అంతే.

8. రిజిస్టరు ఎవరు తేవాలి.

కోడ్ 59వ సెక్షన్ తేటగా ఉంది: కూలి ఇచ్చానని రుజువు చేసుకోవాల్సింది యజమానే. విచారణ గదిలో మొదటి ప్రశ్న మాత్రం ఇప్పటికీ కార్మికుడికే పడుతుంది: "నువ్వు అక్కడ పనిచేసినట్టు కాగితం ఏదీ?"

రిజిస్టరు వచ్చినా దాన్ని చూసే పద్ధతి ఒకటుంది. నెల పొడుగునా హాజరు ఒకే పెన్నుతో, ఒకే ఒత్తుతో ఉందా? వేలిముద్రలన్నీ ఒకే పలచదనంతో, స్టాంపు ప్యాడు ఒకేసారి అద్దినట్టు వరసగా దిగాయా? దీపావళి రోజున కూడా అందరూ ఎనిమిది గంటలే పనిచేశారా? ఆ నెలలో బ్లాకులు ఎత్తిన లారీ పర్మిట్లు రాత్రిపూటవైతే పగటి హాజరు ఎలా పొసిగింది? ఈఎస్ఐ, పీఎఫ్ చలాన్లో ఉన్న తలకాయలెన్ని, మస్టరులో ఉన్నవెన్ని? ఫోన్‌పేలో మేస్త్రీ పంపిన వారం డబ్బులు కూలి కాలమ్‌తో కలుస్తున్నాయా? ఈ ప్రశ్నలు అడగడానికి పావుగంట చాలు. అడిగారో లేదో ఆర్డరు చదివితే తెలుస్తుంది కాబట్టి ఇదీ కొలవగలిగిందే.

మేస్త్రీ పారిపోతే కూలి పోయినట్టు కాదు. 43వ సెక్షన్ కింద అసలు సంస్థ బాధ్యత పడుతుంది. క్లెయిము ఫారంలో మేస్త్రీ ముద్దుపేరు తప్ప ఏమీ తెలియక, చిరునామా లేదని అర్జీ వెనక్కి రావడం మామూలైపోయింది. బోర్డు మీది పేరు, లారీ బిల్లు మీది పేరు రాస్తే చాలునని కౌంటరు దగ్గరే చెప్పండి.

9. భాష. ఆర్డరు ఇంగ్లీషులో, సాక్ష్యం తెలుగులో, సాక్షి మాట్లాడేది ఒడియాలోనో హిందీలోనో. చదివి వినిపించారా, దుబాసీ ఉన్నాడా, ఎవరి తరపు దుబాసీ? యజమాని సూపర్‌వైజరే అనువదించిన వాంగ్మూలం మీద తీర్పు నిలబడకూడదు.

మేం అడుగుతున్నవి:

ఒకటి. రాష్ట్ర కనీస వేతనాల జాబితాలోని ప్రతి పనికీ చివరిగా మూలరేటు సవరించిన జీవో ఏ ఏడాదిదో, ఐదేళ్లు దాటాయో లేదో ఒకే పట్టికలో పెట్టండి. తర్వాతి డీఏ సవరణ వచ్చేలోపు.

రెండు. కొత్త రేటు నిర్ణయించినప్పుడు పైన మేం చూపినట్టు వరుసవారీ లెక్క, ధరలు ఏ ఊళ్లో ఏ తేదీన రాశారో జతచేసి ప్రచురించండి. అద్దె వరుసలో ఒంగోలు, నెల్లూరు అసలు అద్దెలు రాయండి. మండలిలో కూర్చునే యజమాన్య, కార్మిక ప్రతినిధులు తమ లెక్క కూడా ఇదే రూపంలో ఇవ్వాలి. "పరిశ్రమ భరించలేదు" అన్న మాట లెక్క కాదు. ఆ మాత్రం కూలి ఇవ్వలేని పరిశ్రమకు బతికే హక్కు లేదని సుప్రీంకోర్టు క్రౌన్ అల్యూమినియం కేసులోనే చెప్పింది. కనీస కూలి కంటే తక్కువకు పని చేయించడం వెట్టి కిందికే వస్తుందని 1982లో ఏషియాడ్ (ఢిల్లీ ఆసియా క్రీడలు) నిర్మాణ కార్మికుల కేసులో చెప్పింది.

మూడు. రొయ్యల షెడ్లలో కౌంట్ వారీ రేటు, ట్రే తరుగు గోడ మీద తెలుగులో రాయించండి. వేగం కొలిచే రోజున మీతో కార్మిక ప్రతినిధి ఒకరు ఉండాలి.

నాలుగు. ప్రతి మూడు నెలలకు ప్రతి అథారిటీ నుంచి ఈ అంకెలు: వచ్చిన క్లెయిములు, గైర్హాజరు కింద కొట్టేసినవి, రాజీలు (రావాల్సింది, కుదిరింది), ఆర్డరు వేసినవి, వాయిదా ఎవరు అడిగారు, పరిహారం ఎన్నింతలు, వసూలైన రూపాయలు. పేర్లు అక్కర్లేదు.

ఐదు. యజమాని పక్షం రెండోసారి వాయిదా అడిగితే కార్మికుడి ఆ రోజు కూలి, బస్సు ఛార్జీ అక్కడే కట్టించండి.

ఆరు. క్లెయిము వేసే అధికారం తనిఖీ అధికారికీ ఉంది. తనిఖీలో తక్కువ కూలి బయటపడితే కార్మికుడు వచ్చి అర్జీ పెట్టేదాకా ఆగకుండా మీరే వేయండి. పేరు బయటపడితే పని పోతుందన్న భయం ఉన్నచోట దారి ఇదొక్కటే.

ఏడు. 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ కింద పారిశ్రామిక కార్మికుడికి, మహిళకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయవాది దొరకాలి. ఈ మాట, దానితోపాటు ఉచిత న్యాయసహాయం ఫోన్ నంబరు 15100 క్లెయిము ఫారం మీదే అచ్చు వేయించండి. న్యాయవాద మిత్రులకు ఒక మనవి: వచ్చిన మొత్తంలో ఇంత శాతం అని ఫీజు మాట్లాడుకోవడం మీ వృత్తి నియమాలకే విరుద్ధం. మీకు తెలియనిది కాదు.

ఎనిమిది. గని, ఫ్యాక్టరీ పరిధి తేల్చడానికి కేంద్ర, రాష్ట్ర అధికారులు చీమకుర్తిలో నెలకో రోజు ఒకే బల్ల దగ్గర కూర్చోండి.

జవాబు తెలుగులో, రాతలో, ఈ అంశాల వరుసలోనే ఇవ్వండి. మా లెక్కలో తప్పుందనిపిస్తే ఏ వరుసలో ఎంత తప్పో రాయండి. దిద్ది మళ్లీ పంపుతాం.

ఇట్లు
వేతన క్లెయిములు రాసే, లెక్కగట్టే కార్మిక కార్యకర్తలు
ఒంగోలు, చీమకుర్తి, నెల్లూరు